ప్రజాభిప్రాయ సేకరణకు ముందు 30 రోజులు: ఒడిశా సరిహద్దు తెలుగు ఊళ్లలో లా విద్యార్థి చేయాల్సిన పని

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం చుట్టుపక్కల ఒక గనో, ఫ్యాక్టరీయో వస్తోందంటే ఊళ్లో ముందు తిరిగేది పుకారు. ఆ తర్వాత ఒడియా పేపర్లో ఒక నోటీసు పడుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే మన కుటుంబాల్లో ఒడియా మాట్లాడగలిగినవాళ్లు చాలామందే ఉన్నారు. ఒడియా చదవగలిగినవాళ్లు తక్కువ. ఆఫీసు ఒడియాలో రాసిన ప్రాజెక్టు పర్యావరణ నివేదిక సారాంశం చదివి అర్థం చేసుకునేవాళ్లు ఇంకా తక్కువ. ఇంగ్లీషు నివేదిక సంగతి చెప్పనక్కర్లేదు.

మీరు యూనివర్సిటీలో లా చదువుతున్నారు, పర్యావరణం, వాతావరణ మార్పుల మీద ఏదైనా చేయాలనుంది, మీ ఊరో మీ అమ్మమ్మగారి ఊరో ఈ ప్రాంతంలో ఉంది అంటే ఇది మీకోసం రాసింది. పర్యావరణ న్యాయం అనగానే సుప్రీంకోర్టు పిటిషన్లే గుర్తుకొస్తాయి. మన జిల్లాల్లో లా విద్యార్థి వల్ల జరిగే అసలు మేలు దానికి చాలా ముందే ఉంది. కాగితాన్ని ఊరి భాషలోకి తేవాలి, ఊరి మాటను కాగితం మీదకు ఎక్కించాలి. ప్రజాభిప్రాయ సేకరణ రికార్డులోకి ఎక్కని అభ్యంతరాన్ని తర్వాత పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్లో నిలబెట్టడం చాలా కష్టం. ఎక్కినదాన్ని పక్కన పెట్టడం అధికారులకు అంత తేలిక కాదు.

ముందు తేదీలు పట్టుకోండి

2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలో వేయాలి. ముసాయిదా నివేదిక, దాని సారాంశం కలెక్టరు ఆఫీసులో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కార్యాలయంలో, సంబంధిత పంచాయతీలో, కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయంలో ఎవరైనా చూసుకోవడానికి ఉంచాలి. ఆ 30 రోజులే మీ చేతిలో ఉన్న సమయం.

నోటీసు పడేదాకా ఆగడం మాత్రం మంచిది కాదు. పర్యావరణ అనుమతుల దరఖాస్తులుండే కేంద్రం వాళ్ల పరివేష్ పోర్టల్లో జిల్లా పేరుతో వెతికితే దరఖాస్తు చాలా ముందే కనిపిస్తుంది. ప్రాజెక్టు హద్దుల మ్యాపు, టీవోఆర్ లేఖ కూడా అక్కడే దొరుకుతాయి. నివేదికలో ఏయే విషయాలు అధ్యయనం చేయాలో ప్రభుత్వం చెప్పే లేఖే టీవోఆర్. దాన్ని డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీయండి. తర్వాత నివేదిక వచ్చినప్పుడు టీవోఆర్లో అడిగినవి ఏవి రాశారు, ఏవి వదిలేశారు అని టిక్కు పెట్టుకుంటూ పోతే సగం అభ్యంతరాలు మీకు అక్కడే దొరుకుతాయి.

ప్రాజెక్టు ఏ కేటగిరీయో కూడా అప్పుడే చూసుకోండి. ‘ఏ’ (A) కేటగిరీ అయితే అనుమతి ఢిల్లీ నుంచి, ‘బీ’ (B) అయితే రాష్ట్ర స్థాయి అథారిటీ నుంచి వస్తుంది. బీలోనే బీ2 కింద పెట్టిన ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణే ఉండదు. అలాంటప్పుడు మీరు కాచుకోవాల్సింది అనుమతి వచ్చే రోజు కోసం. దాని గురించి కింద చెప్తాను.

ఏ హోదాలో వెళ్తున్నారో స్పష్టంగా ఉండాలి

లా కాలేజీల్లో న్యాయసేవల క్లినిక్కులు పెట్టించి నడిపించే బాధ్యతను 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టమే జాతీయ న్యాయసేవల సంస్థకు అప్పగించింది. మీ కాలేజీలో క్లినిక్ ఉంటే దాని పేరుమీద, ఒక అధ్యాపకుడి పర్యవేక్షణలో, సంతకమున్న లేఖతో ఊరికి వెళ్లండి. మీరు వకీలు కాదు. కేసు వేస్తామనీ, గెలిపిస్తామనీ మాటివ్వకండి. కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే ఆ చట్టం 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, వరద, కరువు, పారిశ్రామిక ప్రమాద బాధితులకు ఉచిత న్యాయ సహాయం అందుతుందని చెప్పండి, జిల్లా న్యాయసేవల సంస్థ ఆఫీసు చూపించండి.

ఊళ్లో ప్రాజెక్టు కావాలనే వాళ్లూ ఉంటారు. డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న కుర్రాడు ఉద్యోగం కోసం ఆశపడితే అతని మీద కోపం తెచ్చుకోవద్దు. మీరు చేసే తెలుగు సారాంశం అతనికీ ఉపయోగపడాలి. ఎన్ని ఉద్యోగాలు, అందులో పర్మినెంటు ఎన్ని, కాంట్రాక్టు ఎన్ని, ఏ చదువుకు ఏ ఉద్యోగం అన్నది నివేదికలోనే ఉంటుంది. అది చదివి వినిపించండి. నిర్ణయం వాళ్లది.

నివేదికను తెలుగులోకి తేవడం

ఎక్కువ సమయం దీనికే కేటాయించండి.

మొదటి రోజే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, కలెక్టరుకు ఒక అర్జీ ఇవ్వండి. రాయగడలోనూ బరంపురంలోనూ మండలి ప్రాంతీయ కార్యాలయాలు ఉన్నాయి. సారాంశం గురించి చెప్పేచోట నోటిఫికేషన్ స్థానిక భాష అన్న మాట కూడా వాడుతుంది. ప్రభావం పడే ఊళ్లలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్నారని ఊళ్ల పేర్లతో సహా రాసి, తెలుగు సారాంశం కావాలని అడగండి. ఇస్తారో ఇవ్వరో, మీరు అడిగినట్టు రసీదు మీ ఫైల్లో ఉండాలి. భాష గురించి కోర్టులు పట్టించుకోవన్న నిరుత్సాహం వద్దు. 2020లో కొత్త ఈఐఏ ముసాయిదా వచ్చినప్పుడు దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది.

వాళ్లు ఇచ్చేదాకా మీరు ఖాళీగా ఉండకూడదు. ప్రింటు తీసిన నివేదికను నలుగురైదుగురు పంచుకోండి. మొత్తం అనువదించాలని చూస్తే నెల చాలదు. ప్రాజెక్టు వివరణ, నీళ్లు ఎక్కడి నుంచి ఎన్ని తీసుకుంటారు, భూమి ఎవరిది ఎంత పోతుంది, వ్యర్థాలు ఎక్కడ పోస్తారు, ప్రమాదం జరిగితే ఏం చేస్తారు, పర్యావరణ నిర్వహణకు ఎంత ఖర్చు పెడతారు: ఈ అధ్యాయాలు చాలు. వాటిని నాలుగైదు పేజీల తెలుగు సారాంశంగా చేయండి. ప్రతి వాక్యం పక్కన అది నివేదికలో ఏ పేజీలో ఉందో నంబరు వేయండి. మీ అభిప్రాయం ఒక్క ముక్క కూడా అందులో కలపకండి. అభిప్రాయాలకు అభ్యంతరాల కాగితం వేరే ఉంది. సారాంశంలో పక్షపాతం కనిపిస్తే, రేపు కంపెనీ తరఫు మనిషి దాన్నే చూపించి విద్యార్థులు జనాన్ని రెచ్చగొట్టారంటాడు.

సాంకేతిక పదాలను కొత్త తెలుగు పదాలతో మార్చి ఇంకా కష్టం చేయకండి. ఓవర్‌బర్డెన్ అని ఉంటే గని మీద నుంచి తీసి పక్కన పోసే మట్టి, రాయి అని రాయండి. నీళ్ల లెక్క రోజుకు 500 కేఎల్‌డీ అని ఉంటే ఎవరికీ ఏమీ తోచదు. రోజుకు 5 లక్షల లీటర్లు, అంటే 10,000 లీటర్ల ట్యాంకర్లు 50 అని చెప్పండి. ఆ మాట వినగానే గెడ్డ పక్కన పొలమున్న రైతు తన లెక్క తానే వేసుకుంటాడు.

నివేదికలోని సమాచారాన్ని సాధారణంగా ఒక్క సీజన్లోనే, వానాకాలం కాని మూడు నెలల్లో సేకరిస్తారు. ఏ నెలల్లో తీశారో చూసి సారాంశం మొదట్లోనే రాయండి. మార్చి నుంచి మే దాకా కొలిచిన గెడ్డ నీళ్లకూ ఆగస్టులో పారే నీళ్లకూ పోలిక ఉండదు. ఏ పక్షులు, ఏ చేపలు కనిపించలేదని రాశారో అవి ఏ నెలలో వస్తాయో ఊరివాళ్లకే తెలుసు.

సారాంశం తయారయ్యాక కాగితాలు పంచేసి వచ్చేయకండి. సంత రోజు సాయంత్రమో, రామమందిరం దగ్గరో కూర్చుని గట్టిగా చదవండి. ఆడవాళ్లకు వీలైన వేళ వేరుగా ఇంకోసారి చదవాలి. నీళ్లు మోసేది వాళ్లు, అడవికి వెళ్లేది వాళ్లు. చదివేటప్పుడు ఎవరో ఒకరు "ఈ గెడ్డ పేరే లేదేటి ఇందులో?" అంటారు. మీకు కావాల్సింది ఆ మాట. దాన్ని అక్కడే రాసుకోండి, ఎవరన్నారో పేరుతో సహా.

కొండ మీద కువి మాట్లాడే కోందు ఊళ్లు, గజపతి జిల్లాలో సవర ఊళ్లు ఉంటే తెలుగు సారాంశంతో పని అయిపోయిందనుకోకూడదు. సంతలో వాళ్లు మనతో తెలుగులో మాట్లాడతారు కాబట్టి వాళ్లకు తెలుగు చాలనుకోవడం మన సౌకర్యం కోసం. ఆ భాష వచ్చిన ఒక టీచరునో, ఆశా కార్యకర్తనో పట్టుకుని సారాంశాన్ని వాళ్ల భాషలో చెప్పించి ఫోన్లో రికార్డు చేయండి. ఆ ఆడియో ఊరంతా తిరుగుతుంది. వాళ్ల తరఫున మీరు మాత్రం మాట్లాడకండి.

ఊళ్లో ఆధారాలు

ఆంధ్ర వైపు నుంచి వచ్చినవాళ్లు ముందు తడబడేది భూమి రికార్డుల దగ్గరే. ఒడిశాలో మౌజా (రెవెన్యూ గ్రామం), ఖాతా నంబరు, ప్లాట్ నంబరు, కిసమ్ చూడాలి. కిసమ్ అంటే ఆ భూమి ఏ రకం అని: సాగు భూమి, గోచరం, గ్రామ జంగల్, నీటి వనరు. భూలేఖ్ వెబ్‌సైట్లో ఇవన్నీ దొరుకుతాయి. నివేదికలో ప్రాజెక్టు భూమి పట్టిక తీసుకుని ఒక్కో ప్లాటూ సరిచూడండి. బంజరు అని రాసినచోట కిసమ్ గోచరమనో, జంగల్ అనో ఉంటే ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకోండి. మీకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాత ఊరి మ్యాపు. పెద్ద చార్టు మీద ఊరివాళ్లతోనే గీయించండి. బావులు, బోర్లు, ఊటలు, గెడ్డలు, శ్మశానం, అమ్మవారి గుడి, పశువులు మేసే చోటు, చింతపండు, ఇప్పపువ్వు ఏరే చోట్లు అన్నీ రావాలి. పక్కన ఏ నెలలో ఏ పని అన్నది కూడా రాయించండి. ఆ చార్టును ఫొటో తీసి నివేదికలోని మ్యాపుతో పక్కపక్కన పెట్టండి. నివేదిక మ్యాపులో లేని ప్రతి ఊట ఒక అభ్యంతరం.

ఫొటోలు, వీడియోలు తీసేటప్పుడు లొకేషన్ ఆన్ చేసుకోండి. తీసిన ఫోన్లో అసలు ఫైలు ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన కాపీ సరిపోదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ ఆధారాలకు హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే సంఖ్యతో) కూడిన సర్టిఫికెట్ అడుగుతుంది. ఎవరు తీశారు, ఎప్పుడు, ఏ ఫోన్ అన్నది ఒక నోట్‌బుక్కులో రాస్తూ పోతే తర్వాత టెన్షన్ ఉండదు.

ఊరు రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద వచ్చే గిరిజన ప్రాంతంలో ఉందేమో చూసుకోండి. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, నవరంగపూర్ జిల్లాలు మొత్తం అందులోకి వస్తాయి. గజపతిలో కొంత భాగమే వస్తుంది. అడవి భూమి ఉంటే 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద ఊరి క్లెయిములు ఏ దశలో ఉన్నాయో అడగండి. ఒడిశాలో ఈ చట్టానికి గ్రామసభ అంటే ఒక్కో ఊరికీ ఉండే పల్లీసభ, పంచాయతీ మొత్తానికి జరిగే సభ కాదు. పల్లీసభ తీర్మానం జరిగిందని ఎవరైనా చెప్తే కాపీ తెప్పించి సంతకాలు ఒక్కొక్కటీ ఊరివాళ్లకు చూపించండి. కోరం ఉందో లేదో లెక్కపెట్టండి. చట్టం నియమాల ప్రకారం సగం మంది సభ్యులైనా హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతైనా మహిళలుండాలి.

పల్లీసభకు ఎంత బలం ఉందో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. నియమగిరి కొండల్లో బాక్సైటు గని మీద 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, రాయగడ జిల్లాలో 7, కలహండి జిల్లాలో 5, మొత్తం 12 పల్లీసభలు జరిగాయి. జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి పరిశీలకుడిగా కూర్చున్నారు. జూలై 18న సెర్కపాడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిసేసరికి 12 ఊళ్లూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఆ గనికి అనుమతి నిరాకరించింది. ఆ తీర్పును క్లాసులో అందరూ చదువుతారు. ఆ ఊళ్లలో ఒకదానికి వెళ్లి, ఆ రోజు సభ ఎలా నడిచిందో పెద్దవాళ్లను అడిగి తెలుసుకుంటే ఇంకా బాగా అర్థమవుతుంది.

అభ్యంతరం తెలుగులోనే రాయించండి

అర్జీ ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటేనే తీసుకుంటారని మన ఊళ్లలో చాలామంది నమ్మకం. రాజ్యాంగం 350వ అధికరణ చదవండి. తన ఫిర్యాదు పరిష్కారం కోసం ఎవరైనా కేంద్రంలో గానీ, రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా అర్జీ పెట్టుకోవచ్చని అందులో ఉంది. తెలుగు అర్జీ తీసుకోం అని కౌంటరు దగ్గర అంటే ఈ అధికరణ నంబరు మర్యాదగా చెప్పండి. అర్జీ మొదటి పేరాలోనే దాన్ని రాయండి. జతగా ఒక ఇంగ్లీషు అనువాదం పెట్టండి, దాని పైన అసలు తెలుగు ప్రతే ప్రమాణమని రాయండి. ఈ ఇంగ్లీషు ప్రతి తర్వాత కూడా అక్కరకొస్తుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ పని భాష ఇంగ్లీషు.

అందరికీ ఒకే కాగితం జిరాక్స్ తీసి సంతకాలు పెట్టించడం సులువే. అలాంటివి వంద వచ్చినా అధికారి ఒక్కటిగానే లెక్కేస్తాడు. ఒక్కో కుటుంబం తన సంగతి తాను చెప్పేలా రాయించండి. ఈ పద్ధతిలో రాస్తే చాలు:

"ముసాయిదా నివేదిక ఫలానా పేజీలో మా ఊరికి దక్షిణాన ఉన్న గెడ్డ వానాకాలంలోనే పారుతుందని రాశారు. అది సరికాదు. వేసవిలో కూడా ఆ గెడ్డ నీళ్లతో మేము ఫలానా ప్లాటులో కూరగాయలు పండిస్తున్నాం. ఏప్రిల్లో తీసిన ఫొటో జతచేశాం. ఈ గెడ్డను ఏడాది పొడవునా కొలిచి, నివేదిక సవరించి, మాకు తెలుగులో చెప్పిన తర్వాతే అనుమతి విషయం చూడాలని కోరుతున్నాం."

ఏ పేజీ, ఏం తప్పు, ఆధారం ఏమిటి, ఏం కావాలి. మా బతుకులు నాశనమైపోతాయి అన్న వాక్యం నిజమే కావచ్చు, దానికి అధికారి జవాబు రాయనక్కర్లేదు. పేజీ నంబరుతో అడిగిన దానికి కంపెనీ జవాబు రాయాల్సిందే, ఆ జవాబు రికార్డులోకి ఎక్కాల్సిందే.

ఒక కాపీ చేతికిచ్చి స్టాంపు వేయించుకోండి, ఇంకొకటి స్పీడ్ పోస్టులో, మరొకటి ఈమెయిల్లో పంపండి. బయట ఊళ్లలో ఉన్నవాళ్లు, సూరత్‌కో విశాఖకో పనికి వెళ్లినవాళ్లు కూడా లిఖితపూర్వకంగా పంపవచ్చు. మీరు విద్యార్థులుగా చెప్పాల్సింది కూడా రాసే పంపండి. సభలో మైకు దగ్గర సమయం ఆ ఊరివాళ్లది.

వాతావరణ మార్పుల సంగతి ఎక్కడ పెట్టాలి

ప్రత్యేకంగా ఒక పేరా రాయండి, అందులో స్థానిక విషయమే ఉండాలి. భూగోళం వేడెక్కుతోంది అంటూ మొదలుపెడితే ఎవరూ చదవరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, వంశధార పరీవాహకంలో వరద తెచ్చింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆ రోజు వాన ఎంత పడిందో వాతావరణ శాఖ (ఐఎండీ) రికార్డుల్లో ఉంటుంది. నివేదికలో ముప్పై ఏళ్ల సగటు వాన రాసి ఊరుకుంటే ఇలా అడగండి: వ్యర్థాల చెరువు కట్ట ఒక్క రోజులో ఎంత వానను తట్టుకునేలా కట్టారు? తిత్లీ రోజు పడినంత పడితే ఆ నీరు ఏ గెడ్డలోకి పోతుంది? ఆ గెడ్డ కింద ఎన్ని ఊళ్లున్నాయి? డీజిల్, బొగ్గు, కరెంటు కలిపి ఏడాదికి ఎంత కార్బన్ ఉద్గారం అన్నది కూడా అడగండి.

చట్టం అండ ఏమిటంటే, 2024 మార్చి 21న ఎం.కె. రంజిత్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు 14, 21 అధికరణల్లో ఉందని గుర్తించింది. 2019 జనవరిలో, వాతావరణ మార్పుల మీద రిధిమా పాండే వేసిన పిటిషన్‌ను కొట్టివేస్తూ హరిత ట్రిబ్యునల్, పర్యావరణ అనుమతులిచ్చేటప్పుడు ప్యారిస్ ఒప్పందం లాంటివాటిని పరిగణనలోకి తీసుకోవడం లేదని అనుకోనక్కర్లేదని చెప్పింది. ఆ కేసు ఓడిపోయినా ఆ మాట మనకు పనికొస్తుంది. తీసుకుంటున్నారంటే, ఈ నివేదికలో ఏ పేజీలో తీసుకున్నారో చూపించమని అడగండి.

వాతావరణ మార్పుల విషయంలో దేశాల బాధ్యతల మీద 2025 జూలై 23న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన సలహా అభిప్రాయాన్ని కూడా ఒక వాక్యంలో ప్రస్తావించవచ్చు. దాని వెనక ఉన్నది 2019లో సౌత్ పసిఫిక్ యూనివర్సిటీలో లా చదువుతున్న 27 మంది విద్యార్థులు. వాళ్లవి చిన్న చిన్న ద్వీప దేశాలు. మీ క్లినిక్కులో జూనియర్లకు ఈ సంగతి తప్పక చెప్పండి. అయితే రాయగడలో కలెక్టరు ముందు పని చేసేది ముందు నోటిఫికేషన్, తర్వాత సుప్రీంకోర్టు తీర్పు, ఆ తర్వాతే ఇది.

గంజాం తీరంలో తెలుగు జాలరి ఊళ్లుంటే ఇంకో పని ఉంది. పొదంపేట లాంటి ఊళ్లను సముద్రం కోసేయడం అందరూ చూశారు. 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ కింద తయారయ్యే తీర మ్యాపుల్లో జాలరి ఊళ్లు, చేపలు ఎండబెట్టే చోట్లు, ఉమ్మడి స్థలాలు గుర్తించాలి. మ్యాపు తీసుకుని తీరం వెంట నడిచి, మీ ఊరి ఎండుచేపల స్థలం అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే రాసివ్వండి.

సభ రోజు

కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటుకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. కోరం ఏమీ లేదు, కాబట్టి ఊరు బహిష్కరించినా సభ జరిగినట్టే లెక్క. బహిష్కరించాలా వద్దా అన్నది ఊరి నిర్ణయం, ఈ సంగతి మాత్రం ముందే చెప్పండి. సభ మొత్తం వీడియో తీయాలని నియమం. వచ్చిన ప్రతివారికీ ప్రశ్న అడిగే అవకాశం ఇవ్వాలి.

మాట్లాడేవాళ్లు తెలుగులో మాట్లాడితే దాన్ని రికార్డు చేసేవాళ్లకు అర్థమయ్యేలా దుబాసీ కావాలని ముందు రోజే రాసివ్వండి. ఇద్దరు విద్యార్థులు ఎవరు ఏం అన్నారో తెలుగులో మాటకు మాట రాసుకోవాలి.

చివర్లో చాలామంది బస్సుకని, పశువులకని వెళ్లిపోతారు. ముఖ్యమైనది అప్పుడే మొదలవుతుంది. సభలో వచ్చిన అంశాలు, కంపెనీ జవాబులు రాసి, స్థానిక భాషలో చదివి వినిపించి, అదే రోజు కలెక్టరు సంతకం చేయాలి. కనీసం ఇరవై మందైనా ఆఖరిదాకా ఉండేలా ముందే మాట్లాడుకోండి, తిరుగు ప్రయాణానికి బండి చూసుకోండి. చదువుతున్నప్పుడు మీ నోట్సుతో పోల్చండి. ఏదైనా వదిలేస్తే అక్కడికక్కడే లేచి చెప్పించండి. సరిచేయకపోతే మర్నాడే రిజిస్టర్డ్ పోస్టులో రాసి పంపండి.

అనుమతి వచ్చాక

ఇక్కడి నుంచి గడువులే ముఖ్యం. అనుమతి మీద హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు 2010 చట్టం 16వ సెక్షన్ కింద 30 రోజుల్లో వేయాలి. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. 90 దాటితే తలుపు మూసుకుంటుంది. పరివేష్‌లో ఎక్కిన రోజు, పేపర్లో ప్రకటన పడిన రోజు, పంచాయతీలో అంటించిన రోజు, వీటిలో ఏది ముందైతే అక్కడి నుంచి లెక్కపెట్టుకోండి. వారానికోసారి పరివేష్ చూసే బాధ్యత ఒక్కరికి అప్పగించండి.

ప్లాంటు ఇప్పటికే నడుస్తూ కాలుష్యం ఉంటే 14వ సెక్షన్ కింద 6 నెలలు, నష్టపరిహారానికి 15వ సెక్షన్ కింద 5 ఏళ్లు గడువు. అనుమతి షరతులు ఎలా పాటిస్తున్నారో కంపెనీ ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి నివేదిక ఇవ్వాలి. అది తెచ్చి ఊరి పరిస్థితితో పోల్చండి. మీరు సీసాలో పట్టిన నీళ్ల పరీక్ష మండలిని కదిలించడానికి పనికొస్తుంది. చట్టం దృష్టిలో నిలిచే నమూనా నీటి చట్టం 21వ సెక్షన్ పద్ధతిలో అధికారి తీసినదే. అందుకే మొదట రాతపూర్వకంగా నమూనా తీయమని మండలిని అడగండి. సమాచారం కోసం ఆర్టీఐ వేసేటప్పుడు భాష మారుతుంది. 6వ సెక్షన్ ప్రకారం అది ఇంగ్లీషులో, హిందీలో, లేదా ఆ ప్రాంత అధికార భాషలో ఉండాలి. ఊరివాళ్ల తరఫున ఈ దరఖాస్తులు ఇంగ్లీషులో రాసిపెట్టే పని మీది.

ఒడిశా కేసులు ట్రిబ్యునల్ కోల్‌కతా బెంచికి వెళ్తాయి, ఆంధ్రప్రదేశ్‌వి చెన్నైకి. నాగావళి, వంశధార రెండు రాష్ట్రాల్లోనూ పారుతాయి. పైన రాయగడ జిల్లాలో కలిసిన కాలుష్యం కింద శ్రీకాకుళం జిల్లాలో పొలాన్ని పాడుచేస్తే, వివాద కారణంలో కొంత భాగం ఎక్కడ తలెత్తినా అక్కడి బెంచికి వెళ్లవచ్చు. ఎవరి ఊరు ఏ వైపు ఉంది, ఏ బెంచికి వెళ్లడం సులువు అన్నది మీ పర్యవేక్షకుడు, వకీలు కలిసి ముందే తేల్చుకోవాలి. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు ఫీజు 1,000 రూపాయలే.

మీరు మూడేళ్లకో ఐదేళ్లకో డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోతారు. ప్రాజెక్టు ముప్పై ఏళ్లు ఉంటుంది. ఊరి కాగితాలు మీ ఫోన్లోనో, మీ హాస్టల్ గదిలోనో ఉండిపోకూడదు. ఒక సెట్టు క్లినిక్కులో, ఒక సెట్టు ఊళ్లో ఎవరి ఇంట్లోనైనా ఇనప్పెట్టెలో ఉండాలి. మొదటి పేజీలో ఇచ్చిన ప్రతి అర్జీ తేదీ, రసీదు నంబరు, తర్వాతి గడువు తెలుగులో రాసి ఉండాలి. వెళ్లేముందు మీ జూనియర్‌ను ఆ ఊరికి తీసుకెళ్లి, ఆ ఇంటివాళ్లకు పరిచయం చేసి రండి.